పన్నెండు అలసందలు

దస్తగిరికి వచ్చిన కష్టం చిన్నది కాదు. ఊరందరి కడుపునొప్పులూ తగ్గించేవాడికి సొంత గురువు కడుపునొప్పి తగ్గించడం చేతకాలేదు.

గురువు పేరు హుసేనప్ప. పత్తికొండ దిక్కున కడుపు జబ్బులకు పేరున్న వైద్యుడు. ఎనభై దాటినాయి, నోట్లో ఒక్క పన్ను లేదు. భార్య పోయి చాన్నాళ్ళయింది. దస్తగిరి ఎనిమిదేళ్ళుగా ఆయన ఇంట్లోనే ఉండి వైద్యం నేర్చుకుంటున్నాడు.

ఆ ఇంటి వైద్యంలో ఒక పద్ధతి ఉంది. గురువు మంచం పక్కన కొయ్యకు మందుల సంచి వేలాడుతుంటుంది. ఇంట్లో ఉండే దినుసులతో మందు ఎంత ఇచ్చినా, గురువు దించుకోమన్న రోజే శిష్యుడు దాన్ని ముట్టుకోవాలి, ఆ రోజే వాడు పూర్తి వైద్యుడైనట్టు. అందాకా గురువు తిండి శిష్యుడి చేతిమీదే జరగాలి, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. పళ్ళు పోయిన గురువుకైతే ముద్ద దంచి పెట్టేదీ శిష్యుడే. హుసేనప్ప కూడా తన గురువుకు ఆరేళ్ళు దంచి పెట్టినవాడే.

మెత్తగా ఉంటుంది, సంగటి తినమంటే ఆయన వినడు. సంగటి మింగితే తిన్నట్టుండదంటాడు. జొన్నరొట్టె, ఉడికిన అలసందలు, చెనక్కాయల పొడి ఉండాల్సిందే. ఆఖరి పన్ను ఊడిన రోజు చిన్న రోలొకటి దస్తగిరి ముందుకు జరిపి, "ఇంక నా పళ్ళు నీ చేతిలో ఉండాయిరా," అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

మొదట్లో దస్తగిరి బాగానే దంచాడు. తర్వాత పేరొచ్చింది. పేరొస్తే నోరు ఊరుకుంటుందా? పొద్దున గురువు తిండివేళకే జనం అరుగు మీద చేరేవాళ్ళు. ఒక చేత్తో రోకలి పట్టుకొని దస్తగిరి వాళ్ళకు కడుపు సంగతంతా చెప్పేవాడు.

"నోట్లో ఎంగిలి కలిసి ముద్ద జారుతుంది. కింద గొట్టం దాన్ని నెట్టుకుంటా పోతుంది, తలకిందులుగా నిలబడి మింగినా కడుపులోకే పోతుంది. కడుపు ఒక తోలుసంచి అనుకోండి. మూడు నాలుగు గంటలు పుల్లటి రసం పోసి చిలుకుతుంది. అవతల కాలేయం నుంచి పిత్తం వచ్చి నెయ్యీ నూనే కరిగిస్తుంది. చిన్నపేగు ఇరవై అడుగులు. తిండిలో సారమంతా నెత్తురులోకి పోయేది అక్కడే. పెద్దపేగు నీళ్ళు పీల్చుకుంటుంది. మిగిలిందానికి మనం చెంబు పట్టుకొని పోవాల."

జనం నవ్వేవాళ్ళు. రోకలి రెండు పోట్లు పడేది, నాలుగు మాటలు దొర్లేవి. రొట్టె ముక్కలు ముక్కలుగానే గిన్నెలోకి పోయేది.

ఒకరోజు హుసేనప్ప, "ఇంకొంచెం మెత్తగా దంచు నాయనా," అన్నాడు.

"లోపల కడుపు ఊరికే కూర్చుంటుందా అయ్యా? దాని పని అదే కదా. మీరు నేర్పిన పాఠమే," అన్నాడు దస్తగిరి. అరుగు మీద మళ్ళీ నవ్వు లేచింది. హుసేనప్ప ఆ ముద్ద అట్లే మింగినాడు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

రెండు నెలలకు ఆయనకు తిన్న గంటకల్లా పొట్ట పట్టుకొని ముడుచుకుపోవడం మొదలైంది. భుజాల ఎముకలు బయటపడ్డాయి. దస్తగిరి శొంఠి పెట్టాడు, వాము పెట్టాడు, కరక్కాయ అరగదీశాడు, ఇంగువ కాచి పోశాడు. గురువు దేనికీ వద్దనలేదు. అన్నీ తాగి పడుకున్నాడు. నొప్పి మాత్రం పోలేదు.

మేకలు కాసే సుంకమ్మ తన కడుపు చూపించుకుందామని వచ్చి, మంచంలో ఉన్న ముసలాయన్ను చూసి, "ఏమబ్బా దస్తగిరీ, మీ గురువు కడుపే నీ మాట వినకపోతే మా కడుపులు వింటాయా?" అని మందు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

ఆ మాట దస్తగిరికి ముల్లులా దిగింది. పేరు పోతుందన్న భయం ఒకటి, అంతకంటే పెద్దది ఇంకొకటి. ముసలాయన ఈ ఎండాకాలం దాటడేమోనన్న భయం. తండ్రి లేని తనను ఇంట్లో పెట్టుకొని విద్య చెప్పిన మనిషి కళ్ళముందే ఎండిపోతున్నాడు. మంచం పక్కన కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"అయ్యా, నాకు తెలిసిన మందులన్నీ అయిపోయినాయి. మీకు తెలిసింది ఏదన్నా ఉంటే చెప్పండి."

హుసేనప్ప వాడి వైపు తిరిగాడు. "ఈ పొద్దు అలసందలు ఉడికించినావా?"

"ఉడికించినా."

"పన్నెండు గింజలు ఎంచి తే."

తెచ్చాడు. హుసేనప్ప గ్లాసు మజ్జిగ వాడి చేతికిచ్చాడు. "ఒక్కొక్కటే మింగు. పన్ను తగలకూడదు."

ఇదేం మందు, జబ్బు ఆయనకైతే మింగేది తనేంది, అని దస్తగిరికి అనిపించింది. అయినా ఎదురడగలేదు. పన్నెండూ మింగినాడు.

"నీ కడుపు మంచిదేనా?" అన్నాడు గురువు.

"రాయైనా అరుగుతుంది అయ్యా."

"మంచిది. చెంబు పట్టుకొని పోయినప్పుడు వెనక్కి తిరిగి చూసుకో. ఏమన్నా కనిపిస్తే వచ్చి చెప్పు."

మర్నాడు ఏమీ కనిపించలేదు. ఆ మర్నాడు వంక గట్టు మీద దస్తగిరి చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు, చేతిలో ఒక పుల్లతో. దారిన పోయేవాళ్ళు చూసి ఏమనుకున్నారో ఏమో. ఇంటికొచ్చి కాళ్ళు చేతులు కడుక్కొని తలవంచుకొని నిలబడ్డాడు.

"కనిపించినాయా?"

"కనిపించినాయి అయ్యా."

"ఎట్లుండాయి?"

"మింగినవి మింగినట్లే ఉండాయి. పొట్టు కూడా చెదరలేదు."

"ఎన్ని?"

"పదకొండు."

"ఆ ఒక్కటి పొరపాటున నమిలింటావు," అని హుసేనప్ప గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దస్తగిరి వంటింట్లోకి పోయి గురువు పొద్దున తినకుండా వదిలేసిన గిన్నె తీశాడు. ముద్దలో వేలు పెట్టి చూశాడు. రొట్టె అంచు ముక్కలు, సగం నలిగిన చెనక్కాయ పలుకులు, గుండ్రంగా అట్లే ఉన్న అలసందలు. ఎంచబోయి, చేతకాక ఆగిపోయాడు. ఆ గిన్నె పక్కన పెట్టి రోలు కడిగాడు.

ఆ రోజు నుంచి కషాయాలు లేవు. రొట్టె, అలసందలు, పొడి, అన్నీ వేళ్ళ మధ్య పలుకు తగలనంతగా నలిగేవి. నాలుగు రోజులకు ముసలాయన తిన్నాక ముడుచుకోవడం మానినాడు. పది రోజులకు గోడ పట్టుకోకుండా అరుగు దాకా వచ్చి కూర్చున్నాడు. చేసిన తప్పు గురించి దస్తగిరి ఎత్తలేదు, ఆయనా అడగలేదు.

ఒక గురువారం పొద్దున జనం ఎప్పటిలాగే చేరారు. ముసలాయన కోలుకున్నాడని విని సుంకమ్మ కూడా వచ్చింది. దస్తగిరి రోటి ముందు కూర్చొని దంచుతున్నాడు.

"ఏమబ్బా, ఆ పేగుల కథ చెప్పు, మా కోడలు విననే లేదంట," అంది సుంకమ్మ.

దస్తగిరి పలకలేదు.

"ఆ ఇరవై అడుగుల పేగుదబ్బా."

రోకలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సుంకమ్మ ముసలాయన వైపు చూసింది. "ఏంది తాతా, మీవాడికి ఇంత గర్వమొచ్చింది? పలకరిస్తే పలకడు."

హుసేనప్ప అరుగు మీది నుంచే అడిగాడు. "ఏరా, ఆమె అంతగా అడుగుతాంటే పలకవేమి?"

దస్తగిరి రోట్లోంచి తలెత్తలేదు.

"నములుతాండా అయ్యా."

హుసేనప్ప ఆ రోటి వైపు కొంచెంసేపు చూశాడు.

"కానియ్యి, మెల్లగానే కానియ్యి," అన్నాడు. "అయినాక లోపలికి పోయి ఆ సంచి దించుకో."