కోటయ్య మోకాలు, నక్క బీమా

ఏటిగట్టు దిగువన ఒక దిబ్బ ఉంది. ఊళ్ళో పనులు మానుకున్న ముసలి పశువులన్నీ అక్కడే ఉంటాయి. నాగలి వదిలిన ఎద్దులు, పాలు వట్టిపోయిన గేదెలు, మూటలు మోయడం మానేసిన గాడిదలు. రైతులు మరీ అన్యాయం చేసేవాళ్ళు కారు. పొద్దున్నే పాలేరు చేత ఇంత గడ్డి, తలా ఒక బుట్ట తవుడు పంపిస్తారు. పశువులు దాన్ని పింఛను అంటాయి. ఆ చోటికి పింఛను దిబ్బ అని పేరు కూడా అవే పెట్టుకున్నాయి.

దిబ్బ మీద ఉండడానికి ఒకటే షరతు. ఎవరి కాళ్ళ మీద వాళ్ళు లేవాలి, ఎవరి నీళ్ళకి వాళ్ళు ఏట్లోకి దిగాలి. లేవలేని పశువు కోసం ఊళ్ళోంచి లారీ వస్తుంది. ఆ లారీ ఎక్కినవాళ్ళెవరూ తిరిగొచ్చి విశేషాలు చెప్పలేదు.

కోటయ్య ఎద్దుకి ఆ లారీ అంటే చచ్చేంత భయం. ఎందుకంటే అతని కుడి ముందుకాలి మోకాలు ఏడాదిగా మాట వినడం లేదు. చలిగాలి తగిలితే సలుపు, మబ్బు పడితే పోటు. పడుకుని లేచేటప్పుడు ఎవరూ చూడకుండా చూసుకుని, మూలిగి, ఆ తర్వాత లేచేవాడు.

అలాంటివాడు కొత్తవాళ్ళు కనపడితే మాత్రం మారిపోయేవాడు. మెడ నిటారుగా అయ్యేది, మూపురం పైకి లేచేది, కాళ్ళు పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు నడిచేవి. అది సంతల్లో నేర్పిన విద్య. వయసులో ఉన్నప్పుడు కోటయ్య చాలా సంతలు చూశాడు. కొనేవాడు వచ్చి పళ్ళు చూసి, తోక మెలేసి, నాలుగడుగులు నడిపించి, ఆ తర్వాత బేరగాడితో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చేవాడు. నడిపించే ముందు బేరగాడు చెవిలో ఒకటే మాట చెప్పేవాడు: "కుంటావో, నీ పరువూ నా కమీషనూ రెండూ పోతాయి!" ఆ మాట కోటయ్య ఎముకల్లోకి ఇంకిపోయింది.

ఆ ఏడు వేసవి చివర ఏట్లోంచి తాయారమ్మ తాబేలు నింపాదిగా దిబ్బెక్కింది. ఏటిగట్టు సంఘం తరఫున ఆమె ఆరోగ్య బీమా నడుపుతుంది. నెలనెలా కొంత తవుడు సంఘానికి కట్టాలి. జబ్బు చేస్తే ఆ తవుడుతోనే కొంగ వైద్యుడు పరమేశానికి ఫీజు ఇస్తారు. కొంగకి తవుడెందుకంటారా? నీళ్ళలో చల్లితే చేపలు పైకొస్తాయి. వైద్యుడైనా తినాలి కదా.

"అబ్బాయ్ కోటయ్యా, నోరు తెరువు. వయసెంతో చూడాలి. ఏయే నొప్పులున్నాయో కూడా చెప్పు" అంది తాయారమ్మ. ఆమె కంటికి దిబ్బ మీద అందరూ అబ్బాయిలే.

కోటయ్యకి చిర్రెత్తింది. "నాకేం నొప్పులు? గుండ్రాయిలా ఉన్నాను."

"ఉంటే సంతోషం. అసలు ముందు మేం ఇవ్వనివి చెప్తాను, విను. ఇప్పటికే ఉన్న జబ్బుకి ఏడాది దాకా ఏమీ ఇవ్వం. గిట్టల వైద్యానికి సగం మీరే పెట్టుకోవాలి. తవుడు బుట్టలో పావు వంతు కట్టాలి."

"పావు వంతా! అమ్మడానికొచ్చి ముందు ఇవ్వనివి చెప్పేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు" అని కోటయ్య ముఖం తిప్పుకున్నాడు.

పక్కనే ఉన్న నాంచారమ్మ గేదె మాత్రం తాయారమ్మ ముందు చతికిలబడింది. నాంచారమ్మకి తన జబ్బులు చెప్పుకోవడమంటే పండగ. నడుము దగ్గర మొదలుపెట్టి, చెవిపోటు మీదుగా, ఎప్పుడో దూడగా ఉన్నప్పుడు మింగిన గోనెపీచు దాకా వచ్చింది. తాయారమ్మ తల లోపలికి లాక్కోకుండా అంతా విన్నది. అదీ గొప్పే. సాయంత్రానికి నాంచారమ్మ సంఘంలో చేరింది.

"పావు బుట్ట పోయింది చెల్లెమ్మా నీకు" అని కోటయ్య వేళాకోళం చేశాడు.

"పోతే పోయిందన్నయ్యా. చెప్పుకున్నాక నడుం సగం తేలికైంది" అంది నాంచారమ్మ.

వారం తిరక్కుండా సాంబయ్య నక్క వచ్చాడు. మెడలో ఎవరో పారేసిన ఎర్ర రిబ్బను, ముఖం నిండా నవ్వు.

"బాబాయ్, ఈ దిబ్బ మీద వయసు తెలియనిది నీకొక్కడికే!" అన్నాడు దూరం నుంచే.

కోటయ్య మెడ నిటారుగా అయింది.

"నాది నిండు నూరేళ్ళ బీమా బాబాయ్. కాలు, కన్ను, కడుపు, ఏదైనా సరే కొంగ ఫీజు నాది. రోజుకి గుప్పెడు తవుడు చాలు. ఆ తాయారమ్మలా పళ్ళు పీకి చూడను. పెద్దల్ని అవమానించడం మా ఇంటా వంటా లేదు."

"ఏవో కొన్ని... చిన్న చిన్న సలుపులు..." అని కోటయ్య నీళ్ళు నమిలాడు. ఎంత దాచుకున్నా భయం ఉంది కదా.

సాంబయ్య కళ్ళు కుడి మోకాలి మీద వాలి, వెంటనే పక్కకి తప్పుకున్నాయి. "అవి చెప్పక్కర్లేదు బాబాయ్! ఈ వయసులో సలుపు లేనివాడెవడు? ఏదీ, నాలుగడుగులు నడిచి చూపించు, చాలు."

నడిచి చూపించు! ఆ మాట వినగానే కోటయ్య మళ్ళీ సంతలో నిలబడ్డాడు. పళ్ళ బిగువున నొప్పిని పట్టి, ఒక్క అడుగు కూడా తడబడకుండా దిబ్బ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. గాడిదలు నోరు వెళ్ళబెట్టి చూశాయి. సాంబయ్య ముందుకాళ్ళతో చప్పట్లు కొట్టాడు. కోటయ్యకి కడుపు నిండిపోయింది. ఆ రోజు నుంచి గుప్పెడు తవుడు నక్కకి పోవడం మొదలైంది.

ఇంతలో నాంచారమ్మ వచ్చి, "సాంబయ్యా, నీ బీమా సంగతేమిటి? నాకు ముందు ఈ నడుము..." అని అందుకుంది.

చెవిపోటు దాకా వినేసరికి నక్క లేచి నిలబడ్డాడు. "వదినా, నీకు తాయారమ్మదే బాగుంటుంది. నాకు అవతల పనుంది" అని గబగబా దిబ్బ దిగిపోయాడు.

"చూశావా అన్నయ్యా? నా జబ్బులు వినలేక పారిపోయాడు. జబ్బు వినలేనివాడు వైద్యం ఏం చేయిస్తాడు?" అంది నాంచారమ్మ.

"నీ మాటలు ఎవరు వినగలరులే" అని కోటయ్య నవ్వేశాడు.

వానలు పడ్డాయి. ఏటిగట్టు బురద బురదగా అయింది. ఒకనాటి ఉదయం కోటయ్య నీళ్ళకి దిగుతుంటే మోకాలు కాస్తా మడతపడింది. బురదలో కూలబడ్డాడు. లేవబోతే కాలు రాలేదు. నాంచారమ్మ వెనకనుంచి తలతో నెట్టి నెట్టి ఒడ్డు దాకా చేర్చింది గానీ నిలబెట్టలేకపోయింది.

గడ్డి తెచ్చిన పాలేరు చూసి తల పంకించాడు. "రేపటికి లేవకపోతే అయ్యకి చెప్పాల్సిందే" అనుకుంటూ వెళ్ళాడు.

కోటయ్యకి లారీ కళ్ళముందు ఆడింది. సాంబయ్యకి కబురు పంపించాడు. సాంబయ్య వచ్చాడు. పాపం, ముఖం ఎక్కడలేని విచారంగా పెట్టుకుని మరీ వచ్చాడు.

"కొంగని పిలిపించు సాంబయ్యా. మోకాలు పోయింది."

నక్క మోకాలి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఇది ఇవాళ్టి నొప్పి కాదు బాబాయ్. పాత జబ్బు. నువ్వు దాచిపెట్టి బీమా తీసుకున్నావు. దాచినవాళ్ళకి మా దాంట్లో ఇవ్వరు."

"నువ్వే కదయ్యా చెప్పక్కర్లేదన్నావు!"

"నేనా? నువ్వు నడిచి చూపించావు. దిబ్బంతా చూసింది. కోడెదూడలా నడిచావు! ఆ నడక చూసి మోసపోయినవాణ్ణి నేను. అసలు నేనే నిన్ను నిలదీయాలి."

కోటయ్య సాయం కోసం తల తిప్పాడు. గాడిదల వైపు చూశాడు. వాళ్ళు తలలు దించుకున్నారు. నిజమే మరి, చూశారు. తను దాచిన నొప్పికి తనే అంతమంది సాక్షుల్ని సంపాదించి పెట్టుకున్నాడు. సాంబయ్య రిబ్బను సర్దుకుని వెళ్ళిపోయాడు.

నాంచారమ్మ నేరుగా తాయారమ్మ దగ్గరికి పోయింది. తాయారమ్మ బాధపడింది గానీ, "సంఘంలో లేనివాడికి సంఘం తవుడు తీస్తే, ఉన్నవాళ్ళకేం చెప్పను?" అంది. ఆ మాటా నిజమే. నాంచారమ్మ తిరిగొచ్చి, కొంగకి ఇవ్వడానికి తన తవుడు బుట్టే ఎత్తుకుంది.

"వద్దు చెల్లెమ్మా" అన్నాడు కోటయ్య. సిగ్గుతో అతని చెవులు వేలాడిపోయాయి. ఆమెని ఎన్ని వేళాకోళాలాడాడో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"ఊరుకో అన్నయ్యా. లారీ వస్తే నా నడుంనొప్పి నేనెవరికి చెప్పుకోవాలి?"

పరమేశం వచ్చాడు. కాళ్ళ వైద్యుడై ఉండీ ఆయన ఎప్పుడూ ఒంటికాలి మీదే నిలబడతాడు. అది చూసి ఎవరైనా నవ్వితే కోపం వస్తుంది. ఆముదపాకు వెచ్చజేయించి మోకాలికి కట్టాడు, ముక్కుతో నరం నొక్కాడు. "ఎప్పటినుంచి ఈ నొప్పి?" అని అడిగాడు. కోటయ్య అలవాటు కొద్దీ "నొప్పా? అదేం..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. "ఏడాది పైమాటే" అన్నాడు చిన్నగా. ఆ మాట పైకి అనడం అతనికి జీవితంలో అదే మొదలు.

మర్నాడు పాలేరు వచ్చేసరికి కోటయ్య నిలబడే ఉన్నాడు. కుంటుతూనే, కానీ నిలబడి ఉన్నాడు. పాలేరు తవుడు బుట్ట అక్కడ పెట్టి తన దారిన వెళ్ళాడు.

నడవగలిగిన రోజునే కోటయ్య తాయారమ్మ దగ్గరికి పోయి నోరు తెరిచాడు, పళ్ళు చూపించాడు. మోకాలి సంగతి దాచకుండా చెప్పాడు. ఆ మోకాలికి వచ్చే వానాకాలం దాకా ఏమీ రాదంది తాయారమ్మ. మిగతా ఒంటికి ఆ రోజు నుంచే వస్తుంది. పావు బుట్ట కట్టాడు. నాంచారమ్మకి మరో పావు ఇచ్చాడు.

వానలు తగ్గుముఖం పట్టాక దిబ్బ మీదికి కొత్త ఎద్దు వచ్చాడు. పేరు పుల్లన్న. మెడ మీద కాడి రాసిన పుండు ఇంకా ఆరలేదు. ఆ సాయంత్రానికే సాంబయ్య ఎర్ర రిబ్బనుతో ప్రత్యక్షమయ్యాడు.

"బాబాయ్, ఈ దిబ్బ మీద వయసు తెలియనిది నీకొక్కడికే! ఆ మెడ మీది గీత చెప్పక్కర్లేదు. ఏదీ, నాలుగడుగులు..."

పుల్లన్న మెడ నిటారుగా అయింది. పుండు కనపడకుండా తల అటు తిప్పుకున్నాడు. అది కోటయ్య చూశాడు. అచ్చం తనే. గబగబా వాళ్ళిద్దరి మధ్యకి కుంటుకుంటూ వచ్చాడు. అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువే కుంటాడని నాంచారమ్మ తర్వాత చెప్పుకుంది.

"ఆగు పుల్లన్నా. సంతలో నువ్వు నడిచావు, ఎందుకు? అక్కడ అమ్ముడుపోయేది నువ్వు. ఇక్కడ కొనేవాడివి నువ్వు. కొనేవాడు నడిచి చూపించడమేమిటి? నడవాల్సింది ఇతను! సాంబయ్యా, ఏదీ, నోరు తెరువు."

"అదేమిటి బాబాయ్, హాస్యాలు..." అన్నాడు నక్క, ఒక అడుగు వెనక్కి వేసి.

"హాస్యం కాదు. నువ్వు ఇవ్వనివి ఏమిటో ముందు చెప్పు."

"మాది అన్నీ ఇచ్చే బీమా."

"అయితే ఎవరికిచ్చావు? నీ తవుడుతో కాలు బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణి పిలువు. మాట్లాడతాం."

సాంబయ్య రిబ్బను సర్దుకున్నాడు. అటూ ఇటూ చూసి, ఏటి అంచున చేపల కోసం నిలబడ్డ కొంగ కనపడగానే, "వైద్యుణ్ణే అడగండి! పరమేశం గారికి నేనెంత పంపానో ఆయనకే తెలుసు" అన్నాడు, అంత దూరం నుంచి వినపడదులే అని.

పరమేశానికి కాళ్ళ సంగతెలా ఉన్నా చెవులు బాగానే పనిచేస్తాయి. "నాకా? తవుడా? ఇతనా?" అని రెండో కాలు కూడా కింద పెట్టేశాడు. "ఇతని తవుడు నేను చూసింది ఊరవతల పెంటకుప్ప దగ్గర. చల్లి కోళ్ళని పిలుస్తున్నాడు!"

దిబ్బంతా గొల్లుమంది. పుల్లన్న మెడ దించి, "తాయారమ్మగారు ఎక్కడుంటారు? నాకు మెడ మీద పుండుంది, కుడి కన్ను మసగ్గా ఉంది, రాత్రిళ్ళు దగ్గు..." అని మొదలుపెట్టాడు. నాంచారమ్మ ఆనందంగా జరిగి అతని పక్కన చోటు చేసుకుంది. అది చూసి గాడిదలు కూడా తమ తమ నొప్పులతో ముందుకొచ్చాయి. ఇంతమంది ముసలాళ్ళు ఇన్ని జబ్బులు ఒకేసారి నిజంగా చెప్తుంటే ఏ నక్క తట్టుకోగలదు? సాంబయ్య తోక ముడిచి గట్టెక్కాడు. మళ్ళీ ఆ దిబ్బ వైపు రాలేదు. ఊరవతల కోళ్ళు కూడా అప్పటినుంచి కాస్త కుదుటపడ్డాయని చెప్పుకుంటారు.

నీతి: బీమా కొనేటప్పుడు మన నొప్పిని దాచకూడదు, అమ్మేవాడి చేత అతను ఇవ్వనివేమిటో చెప్పించకుండా వదలకూడదు.