పల్లాలమ్మ వరస

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, గోదారి మీద వంతెన అన్నదే లేని కాలం. ఏటి నడుమ ఒక చిన్న లంక. ఆ లంకలో పల్లాలమ్మ ఉండేది. పడవ నడిపే మొగుణ్ణి వరద మింగేసింది. ఏడ్చి ఏడ్చి, ఒకనాడు కళ్ళు తుడుచుకుని తాటాకు పాక వేసి పూటకూళ్ళ ఇల్లు పెట్టింది. పడవ ఆగిందంటే వేడన్నం, చేపల పులుసు. పడవ నడిపే సరంగైనా, షావుకారైనా, గంప మోసే కూలైనా ఒకటే వరస.

“ముందొచ్చినోడికి ముందాకు” అనేది.

ఒక మధ్యాహ్నం ఆ ప్రాంతాన్నేలే దొరగారి పడవ ఆగింది. పాక నిండా జనం.

“ఈ కూలోళ్ళని లేపు. దొరగారు కూర్చుంటారు” అన్నాడు దివాను.

“ఏసిన ఇస్తరి తియ్యను బాబూ. చివర్న చోటుంది.”

దివాను నవ్వుతూ అడిగాడు. కసిరి అడిగాడు. చివరికి దొరే పడవలోంచి లేచి, “నీ లంకకి పడవన్నది రాదు, చూసుకో!” అన్నాడు.

పల్లాలమ్మ రేవులో ఆగిన పడవల వైపు చూసింది. అయినా, “ముందొచ్చినోడికి ముందాకు బాబయ్యా” అంది.

లంకలో ఆగిన పడవ తగలబెట్టిస్తానని దొర చాటింపు వేయించాడు. పల్లాలమ్మ వండింది, ఎవరూ రాలేదు. మర్నాడూ వండింది, కాకులు తిన్నాయి. ఆ మర్నాడు పొయ్యి ముందు కూలబడి, “నాదే తప్పా?” అనుకుంది. కాదనిపించింది. లేచి ఎసరు పెట్టింది.

ఆ రోజే దొర కొడుకు పెళ్ళి. అవతలి ఒడ్డుకి తరలి వెళ్ళాలి. రేవులో మేళాలు మోగుతున్నాయి. పడవలన్నీ కట్టేసి ఉన్నాయి.

“తియ్యండ్రా పడవలు!” అన్నాడు దొర.

సరంగు బుల్లియ్య తలపాగా తీసి చంకన పెట్టుకున్నాడు. “ఆవిడ అన్నం తిన్న ఒళ్ళు దొరా. లంకలో ఆగకుండా మా తెడ్డు కదల్దు.”

దొర అరిచాడు, బెదిరించాడు, బతిమాలాడు. తెడ్డు కదల్లేదు. ముహూర్తం ముంచుకొస్తోంది.

“సరే, ఆగే వెళ్ళండి” అన్నాడు.

పల్లాలమ్మ తలెత్తి చూసేసరికి ఏరంతా తెరచాపలే! మేళాలతో సహా లంకకొచ్చి పడ్డారు. వరస నిండిపోయింది. దొర నిలబడిపోయాడు. అందరి కళ్ళూ ఆయన మీదే.

“చివర్న చోటుంది బాబూ” అంది పల్లాలమ్మ మెల్లిగా.

దొర జరీ కండువా సర్దుకుని, గంప మోసే కూలి పక్కన చతికిలబడ్డాడు. నాలుగు ముద్దలు తిన్నాక, “ఇంకాస్త పులుసు వెయ్యి తల్లీ” అన్నాడు. లంకంతా ఈల వేసింది.

పల్లాలమ్మ పోయిన నాడు రెండొడ్డుల పడవలూ తెరచాపలు దించాయి. ఇప్పుడు పాక చోట మేడ లేచింది, హోటలని బోర్డు కట్టారు. ఎంతటివాడొచ్చినా వరస చివరే కూర్చుంటాడు. ఆ చుట్టుపక్కల సంతలోనైనా, రేవులోనైనా ఎవరన్నా తోసుకుని ముందుకొస్తే, “ఇది పల్లాలమ్మ వరస బాబూ” అంటారు. అంతే. వాడు మారు మాటాడకుండా వెనక్కెళ్ళి నిలబడతాడు.