దొర బంగళాలో గొంతు

పాత జమీలో ఒక ఊరి చివర, ఎప్పుడో చనిపోయిన ఇంగ్లీషు దొరగారి బంగళా ఉండేది. దాని పక్క మడుగులో తుంగ కోసుకుని, చాపలల్లి బతికేది గురవమ్మ. ఉన్నట్టుండి దీపాలవేళకి ఆ బంగళాలో ఒక బొంగురు గొంతు ఇంగ్లీషులో మూలగసాగింది. గొడ్లు కూడా అటు పోవడం మానేశాయి.

దొరల ఇంగ్లీషును జమీందారుకి తెలుగులో చెప్పే దుబాసీ అనంతయ్య ఊరిజనాన్ని అక్కడికి పిలిచాడు. "దొర దెయ్యమే! మడుగు నాకొదిలేసి పోండి, శాంతి చేయిస్తాను," అన్నాడు.

గురవమ్మకు ఒళ్లు జలదరించింది. అయినా అడిగింది. "అదేమంటోంది బాబయ్యా?"

"'ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ ఇయర్స్.' ఏళ్ల తరబడి ఇక్కడే బతుకుతున్నానంటోంది."

"ఒకప్పుడు బతికానంటోందేమో?"

"నీకేం తెలుసే! అలాగైతే 'ఐ లివ్డ్' అనాలి. 'హావ్' చేరిందంటే ఇంకా బతుకుతున్నట్టే."

"అయితే లోపలున్నది చచ్చిన దొర కాదు, బతికున్న మనిషే," అంటూ గురవమ్మ బయటి గొళ్లెం పెట్టేసింది. "ఆకలేస్తే తనే పిలుస్తాడు. కూర్చుందాం."

చీకటి చిక్కబడింది. మూలుగు ఆగిపోయింది. చాలాసేపటికి లోపలినుంచి తలుపు దబదబా మోగింది.

"బావా, తలుపు తీయించు! లోపల నాతో ఇంకెవరో ఉన్నారు!"

గొళ్లెం తీయగానే అనంతయ్య బావమరిది ఒక్కడే వణుకుతూ బయటపడ్డాడు. అనంతయ్య ఎత్తు బయటపడి, మడుగు ఊరివాళ్లకే మిగిలింది. గురవమ్మ మాత్రం ఆనాటినుంచి పొద్దు వాలకముందే తుంగ మోపుతో ఇల్లు చేరేది.