భుజం మీద మేకపిల్ల

భావనారాయణ మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకునేవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఏ మనిషిని గీయాలన్నా ముందు తాము అలా నిలబడి చూడాలి. బరువు ఏ కాలి మీద పడుతోందో తెలిశాకే పెన్సిల్ పట్టాలి.

మా చెల్లి వకుళ ఏళ్ల తరబడి అలాగే నేర్చుకుంది. తొలిసారి ఒక బొమ్మల కథల పుస్తకానికి బొమ్మలు గీసే పని చేతికొచ్చింది. తను గీసిన ముఖచిత్రం చూసి ప్రచురణకర్త కోటిలింగం గారు పెదవి విరిచారు.

"ఉక్కుమల్లడి పుస్తకాల్లా గీయమ్మా. పిల్లలు ఎగబడి కొంటున్నది వాటినే. రేపు మాస్టారింటికి వస్తా, మార్చి ఉంచు. లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తా."

ఆ ఉక్కుమల్లడికి మెడ ఉండదు. కండల మీద కండలు. వేళ్లు గీయడం రాక ప్రతి బొమ్మలోనూ చేతుల్ని పొగలో దాచేస్తారు. ఆ సాయంత్రం వకుళ తన బొమ్మను చించబోతే చేయి పట్టుకుని ఆపాను. మర్నాడు నేనూ వెంట వెళ్లాను.

"మెడ లేనివాళ్లే అమ్ముడుపోతుంటే, ఇన్నేళ్లూ నన్నెందుకు నిలబెట్టారు మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు టీ గ్లాసు అందుకున్నారు. కోటిలింగం గారు వచ్చేదాకా టీ తాగుతూ కూర్చున్నారు.

"రండి, సమయానికొచ్చారు. కాస్త ఈ ఉక్కుమల్లడిలా నిలబడండి, చూద్దాం" అంటూ మాస్టారు ఆ పుస్తకమొకటి ఆయన చేతిలో పెట్టారు.

కోటిలింగం గారు సరదా మనిషి. బాగా పొట్టి, మాస్టారి గుమ్మంలో ఆయన తల పైన ఇంకా జానెడు ఖాళీ ఉంటుంది. పుస్తకం చూసుకుంటూ రొమ్ము ఇటు, నడుము అటు తిప్పి, ఒక కాలు గాల్లోకి లేపారు. మరుక్షణం చాప మీద వెల్లకిలా ఉన్నారు.

"నా నడుముతో మీకేం పగండీ?" అని నవ్వుతూ లేచారు.

"ఇప్పుడు ఇలా" అంటూ మాస్టారు వకుళ బొమ్మను ముందు పెట్టారు. వరదనీళ్లలో నడుందాకా మునిగి, భుజాల మీద మేకపిల్లతో నడిచొస్తున్న పడవవాడి కూతురు.

కోటిలింగం గారు మెడ కాస్త వంచారు. చేతులు పైకెత్తి, అక్కడ లేని మేకపిల్ల కాళ్లను పట్టుకున్నారు. పాదంతో నేల తడిమి ఒక అడుగు వేశారు. ఇంకొకటి వేశారు. నవ్వు ఆగిపోయింది.

"బరువుగానే ఉందమ్మా" అన్నారు వకుళతో.

కాసేపటికి చేతులు దించి, బొమ్మను జాగ్రత్తగా సంచీలో పెట్టుకున్నారు. "ఇదే వేస్తున్నా. ఒక్క గీత మార్చావంటే ఊరుకోను."

"పిల్లలు కొంటారాండీ?" అంది వకుళ.

"నేను కొన్నాగా!"

అని బయల్దేరారు. గుమ్మం దగ్గర ఆగి, ఎన్నడూ లేనిది, బాగా వంగి దాటారు.

వకుళ కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. "అంత వంగారేంటి మాస్టారూ? ఆయన తలకు తగలదు కదా."

మాస్టారు ఖాళీ గ్లాసు కింద పెట్టారు.

"మేకపిల్లకు తగులుతుంది కదమ్మా."