వడ్డన పనికి మేం నలుగురం

మా ఇంటి మగాళ్ళం తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా మేమే. నలుగురిలో కాస్త చురుకైనవాణ్ణి నేను. మిగతావాళ్ళ సంగతి దాన్నిబట్టి మీరే ఊహించుకోండి.

ఓ పెళ్ళిలో ఒక్కరోజు వడ్డన పని దొరికింది. చిన్నాన్న పోలయ్య, బావ దాలినాయుడు, తమ్ముడు గవరయ్య, నేను పరగడుపునే ఫంక్షన్ హాలుకి చేరాం. సూపర్‌వైజర్ తాతబాబు కిళ్ళీ నములుతూ చెప్పాడు: పనిలో కూర్చోకూడదు. ఏ విస్తరీ ఖాళీగా కనపడకూడదు. పెళ్ళివారందరూ తిని లేచాకే మా తిండి. ప్రతిదానికీ తనని అడగకూడదు. అంతే, ఏసీ గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. మంచినీళ్ళెక్కడో అడుగుదామనుకున్నాం గానీ, అడగొద్దన్నాడు కదా.

ఆకలి దంచేస్తోంది. అందరూ గబగబా తిని లేస్తే బాగుండునని చూస్తున్నాం. ఓ పెద్దాయన తినేసి ఆకు మడిచాడు. బావ ఆ మడత విప్పి చూశాడు. ఖాళీ. అంతే, గరిటెడు అన్నం. ఆయన చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే సాంబారు. పాపం, పారేయడం ఇష్టంలేక తిన్నాడు. మళ్ళీ ఖాళీ. ఇంకేముంది, మళ్ళీ అన్నం. బంతి లేవదు, మాకు తిండి లేదు.

"తాతగారూ, వేగిరం లేవండి, మాకు ఆకలేస్తోంది," అని ఏడుపు మొహం పెట్టి బతిమాలుతూనే గవరయ్య ఇంకో బూరె వేశాడు.

ఇంతలో స్టోరు గదిలోంచి చిన్నాన్న కంగారుగా వచ్చాడు. అక్కడ కట్టలకి కట్టలు ఆకులున్నాయట, ఒక్కదాంట్లోనూ మెతుకు లేదట. తాతబాబు చూస్తే కొంప మునుగుతుంది. అంతే, గుండిగలు మోసుకెళ్ళి, కట్టలు విప్పి, ఆకులు నేలంతా పరిచి, అన్నం, పప్పు, బూరెలు వరసన వడ్డించేశాం. మగపెళ్ళివారు భోజనాలకి వచ్చేసరికి హాల్లో ఆకు లేదు, గుండిగలో అన్నం లేదు. తాతబాబు లబలబలాడుతూ పరిగెత్తుకొచ్చి, వియ్యాలవారిని స్టోరు గదిలోనే గ్యాసు బండల మధ్య సర్ది కూర్చోబెట్టాడు.

మొత్తానికి అందరూ తిని లేచారు. తాతబాబు మిగిలిన పులిహోర గిన్నె మా ముందు పెట్టి, ఆకులేసుకుని తినమని, మళ్ళీ మొహాలు చూపించొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

నాలుగాకులేసుకుని కూర్చున్నాం. పులిహోర ఘుమఘుమలాడుతోంది. ఎంతసేపటికీ వడ్డించేవాళ్ళు రారే. చిన్నాన్నకి ఒళ్ళు మండింది.

"ఏం మేనేజ్‌మెంటురా ఇది? తినేవాళ్ళని కూర్చోబెట్టాడు, వడ్డించడానికి ఒక్కణ్ణీ పెట్టలేదు."

బావ బుర్ర గోక్కుని, వడ్డన తెలిసినవాళ్ళం మనం నలుగురం ఇక్కడే ఉన్నాం కదా అన్నాడు. ఆ తెలివికి మురిసిపోయి ముందు నేనే లేచాను. నాలుగాకుల్లోనూ నిండుగా వడ్డించి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాం.

నిలబడే ఉన్నాం. ఆ నలుగురూ వచ్చి తిని లేస్తే, ఇక మేం తినొచ్చు. ఎటు పోయారో మహానుభావులు, ఇందాకటిదాకా ఇక్కడే కూర్చున్నారు.