గవరయ్య గడ్డం, తాతగారి కత్తి

బుగతవలసలో తెలివి ఎక్కడ దొరుకుతుందంటే, గవరయ్య, సూరప్పడు, నారాయుడు అనే అన్నదమ్ములు ముగ్గురూ తమ ఇల్లే చూపించేవారు. "మా తెలివి గాదెల్లో పట్టక చూరుకి వేలాడదీశాం" అనేవారు. తెలివుందని చెప్పుకునేవాడి చేతికి కత్తి ఇవ్వకండి, బాబూ! ఎందుకో వినండి.

ముప్ఫై ఆరేళ్ళకి పెద్దవాడు గవరయ్యకి ఒక సంబంధం వచ్చింది. పిల్ల ఒకటే చెప్పిందట: "గడ్డమున్న మనిషైతే గుమ్మంలోంచే వచ్చెయ్యి నాన్నా." గవరయ్య గడ్డమేమో బొడ్డు దాకా ఉంది. పిల్ల తండ్రి మర్నాడే వస్తాడు. ఊళ్ళో గడ్డాలు గీసే పోలయ్యకి చెయ్యి విరిగింది. అటక మీద తాతగారి మంగలికత్తి తుప్పు పట్టి ఉంది. దాన్ని పట్టుకుని పోలయ్య దగ్గరికి పరుగెత్తారు.

"ఉక్కు మంచిదేరా. నూనెలో నానబెట్టి తుప్పు వదిలించండి. సానరాయి తడి ఆరకుండా నూరండి. తోలు మీద అటూ ఇటూ లాగండి. వెంట్రుక తెగితే పదునొచ్చినట్టు. అప్పుడు గీయండి" అన్నాడు పోలయ్య.

"ఇంతేనా మామా? చిటికెలో పని!"

అంతే. ఇంట్లో నూనె ఎక్కడుంది? ఆవకాయ జాడీలో. కత్తిని అందులో ముంచారు. పొద్దున తీస్తే తుప్పు రెట్టింపైంది. "తుప్పు ఉబ్బింది, బాగా నానిందన్నమాట!" అని సూరప్పడు మురిసిపోయాడు. ఆ ఆవకాయతోనే ముగ్గురూ చద్దన్నం తిన్నారు.

రాయి తడి ఆరకూడదు కదా! ఇంకేముంది, దాన్ని కాలువలోకి మోసుకెళ్ళి, పీకల్దాకా నీళ్ళలో నిలబడి నూరారు. కాసేపటికి నారాయుడు కేకేశాడు. "అన్నా, కత్తి మెత్తబడింది! తోకాడిస్తోంది!"

చూస్తే కొర్రమీను. బురదలో తడిమి కత్తిని వెతికి మళ్ళీ నూరారు. రాయి మంచిది గనక వీళ్ళ చేతుల్లో కూడా పదునెక్కింది.

తోలుకి గవరయ్య కొత్త చెప్పులు తెచ్చారు. రెండుసార్లు లాగేసరికి అవి నాలుగు ముక్కలయ్యాయి.

"పదునొచ్చిందన్నా!"

"నోర్ముయ్యరా! పోలయ్య మామ వెంట్రుక తెగాలన్నాడు గానీ చెప్పు తెగాలన్నాడా?"

సూరప్పడి తల మీద ఒక వెంట్రుక కోశారు. తెగింది. "పక్కది గట్టిదేమో" అన్నాడు గవరయ్య. అదీ తెగింది. దాని పక్కదీ తెగింది. అంతే, సూరప్పడు గుండు. తర్వాత నారాయుడు గుండు. తర్వాత గవరయ్య. అప్పటికి కత్తి మొద్దుబారి, గవరయ్య నడినెత్తిన ఆఖరి వెంట్రుక మాత్రం తెగలేదు.

"అయ్యో, పదును రాలేదురా!" అని ముగ్గురూ నెత్తిన చేతులు పెట్టుకున్నారు.

అప్పుడే పిల్ల తండ్రి గుమ్మంలోకొచ్చాడు. "పెళ్ళికొడుకు ఎవరు నాయనా?"

"నేనేనండి మామగారూ! గడ్డం గీసుకుందామంటే పదునొచ్చిందో లేదో తేలట్లేదు, మా తలల మీద వెంట్రుకలు అయిపోయాయి. మీ జుట్టు ఒత్తుగా ఉంది. కాస్త తల వంచండి."

ఇంకేముంది, ఆయన పొలాలకి అడ్డంపడి పరుగు. "ఒక్కటంటే ఒక్కటే, మామగారూ!" అంటూ కత్తితో వెనకాల వీళ్ళు. ఆయన గట్టు దాటిపోయాక గవరయ్య ఆగి ఆలోచించాడు.

"ఒరే, మొద్దుకత్తికి ఎవడైనా ఇంత భయపడతాడా? పదునొచ్చేసింది! గీయండి!"

సాయంత్రం దాకా గీకితే ఒక చెంప మాత్రం నున్నబడింది. మామగారు తిరిగొస్తే అదే కనబడాలని, ఆ చెంప వీధి వైపు తిప్పి గవరయ్య గుమ్మంలో కూర్చున్నాడు.