ఈతమాను కనుమ పగ్గాలమ్మ మహిమ

పాలబండ నుండి ఉప్పరవంకకు పోయే దారిలో, ఈతమాను కనుమ ఏడవ మలుపున శ్రీ పగ్గాలమ్మ తల్లి వెలసి ఉన్నది. అమ్మవారి చేతిలో త్రిశూలము లేదు, ఖడ్గము లేదు. ఎడమచేత ఎడ్లబండి పగ్గాలు, కుడిచేయి ఆగుమన్నట్లు పైకెత్తిన అరచేయి. కొత్తగా వచ్చిన భక్తులు కొందరు దూరం నుండి చూసి ట్రాఫిక్ పోలీసనుకొని బండి ఆపి, కాగితాలు వెతుక్కుంటారు. ఇందులో దోషమేమీ లేదు. ఏ కారణంతో ఆగినా ఆగడమే ముఖ్యమని పెద్దలు చెప్పుదురు.

గుడి ముందు రెండు రాతి స్తంభాల మీద ఒక కాడిమాను ఉంచబడి ఉన్నది. దాని కింద మెడ పెట్టనిదే ఏ డ్రైవరూ ఈ కనుమ దాటడు. అందుకు కారణం వినండి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, తారురోడ్డు లేదు, బండిచక్రాల గాడి ఒక్కటే ఉండేది. పాలబండలో కదిరప్ప అనే బండివాడు ఉండేవాడు. ఆ చుట్టుపక్కల అంతటి బండివాడు లేడని ప్రతీతి. ఆ ప్రతీతిని ఊరూరా చెప్పి వచ్చింది కదిరప్పే అనుకోండి, అది వేరే సంగతి.

ఉప్పరవంక వైపు కనుమ మొదట్లో ఈతతోపు ఉండేది. కదిరప్ప ప్రతిసారీ అక్కడ బండి ఆపేవాడు. మొదటి ముంత అలసట తీరడానికి. రెండోది మొదటిదానికి తోడుగా. మూడోది తాగకపోతే కల్లు గీసినవాడు మనసు కష్టపెట్టుకుంటాడేమోనని. పాపం, ఒకరి మనసు నొప్పించే రకం కాదు. ఆపైన పగ్గాలు నొగకు చుట్టి వెల్లకిలా పడుకుంటే, పుల్లోడు, మచ్చోడు అనే అతని ఎద్దులు బండిని ఇంటికి చేర్చేవి.

ఎవరైనా ఇదేం పద్ధతని అడిగితే కదిరప్ప దగ్గర ఒకే జవాబు. "నేను తాగినా ఎద్దులు తాగలేదు గదా!"

ఈ మాటకు బదులు వెతుకుతూ ఊరి పెద్దరెడ్డి మూడు రోజులు ఆలోచించి, తలనొప్పి వచ్చి మానుకున్నాడు. బండి గుంతలో పడితే తప్పు గుంతది. పరాయి జొన్నచేలో దూరితే తప్పు ఎద్దులది. ఒకసారి సొంత ఇంటికి బదులు అత్తగారింటి ముందు నిలబడితే, "పుల్లోనికి మా అత్తంటే అభిమానం" అన్నాడు. ఇన్నేళ్లలో తప్పు కదిరప్పది అయిన సందర్భం ఒక్కటీ లేదు.

ఒక వేసవిలో కదిరప్ప ఉప్పరవంకకు వెళ్లి, తన కూతురు సుంకులమ్మను పురిటికి తీసుకొస్తున్నాడు. ఆమెకు ఎనిమిదో నెల. వియ్యంకుడు ఊరికే పంపకుండా నాలుగు బస్తాల శనక్కాయలు కూడా వేశాడు. తోపు దగ్గర ఆగనని కదిరప్ప బయలుదేరేటప్పుడే పెండ్లాం తల మీద ఒట్టు పెట్టి వచ్చాడు. తీరా తోపు కనిపించగానే ఎద్దులకు దప్పికైందన్నాడు.

"వొద్దు నాయనా," అన్నది సుంకులమ్మ.

"ఒక్కటే అమ్మీ, గొంతు తడుపుకోని వస్తా."

ఆ ఒక్కటి నాలుగు ముంతలైంది. ఎండకు అలసిన సుంకులమ్మ బస్తాల మధ్య గడ్డి మీద నిద్రపోయింది. కదిరప్ప పగ్గాలు నొగకు చుట్టి, తానూ నిద్రపోయాడు. మిట్టమధ్యాహ్నం బండి తనంతట తానే కనుమ ఎక్కసాగింది.

ఎద్దులకు దారి తెలిసిన మాట నిజమే. అయితే వాటికి తెలిసినది పాత దారి. ముందటి రాత్రి కురిసిన గాలివానకు ఏడవ మలుపున దారి అంచు సగం కొట్టుకుపోయిందని వాటికి ఎవరు చెప్పుతారు? చెప్పవలసినవాడు గురక పెడుతున్నాడు.

మలుపు దగ్గర ఒక ముసలమ్మ అరచేయి ఎత్తి నిలబడింది. ఎద్దులు ఆగాయి. ఆమె ములుకోలతో కదిరప్పను ఒక పోటు పొడిచింది.

"ఎవుర్రా బండి తోలేది?"

"ఎద్దులే అవ్వా. వాటికి దారి తెలుసులే, పక్కకు జరుగు."

"తాగినావా?"

"నేను తాగినా ఎద్దులు తాగలేదు గదా!"

ముసలమ్మ తల ఊపింది. "న్యాయమైన మాటే చెప్పినావు నాయనా. అట్లయితే తాగనోడు పైన కూచోవాల. తాగినోడు కాడి కింద ఉండాల."

కన్ను మూసి తెరిచేలోగా కదిరప్ప మెడ మీద కాడి పడింది. పక్కన మచ్చోడు ఇతని వాసనకు మొహం తిప్పుకున్నాడు. పైన, తాను కూర్చునే చోట, పుల్లోడు కాళ్లు మడుచుకొని నెమరు వేస్తూ ఉన్నాడు. ఆ చూపు అచ్చం తన మామగారి చూపేనని కదిరప్ప బతికినన్నాళ్లూ చెప్పుకొని ఏడ్చేవాడు.

బండి కదిలింది. మచ్చోడు ఒకవైపు లాగితే కదిరప్ప కాళ్లు మరోవైపు పోయాయి. నాలుగు అడుగులు వేశాడో లేదో, కుడికాలి కింద నేల లేదు. ఒక రాయి దొర్లి లోయలోకి పోయింది. అది అడుగున పడిన చప్పుడు వినిపించలేదు.

"అవ్వా! ఆపవ్వా! సచ్చిపోతా!"

"నేనేం తోలుతాండానా? ఎద్దును అడుగు," అన్నది ముసలమ్మ. "అది సరేగానీ, బండ్లో ఏముండాది?"

"బస్తాలు! నాలుగు శనక్కాయల బస్తాలు!"

"అంతేనా? ఒక బస్తా 'నాయనా' అని పిలుస్తాండాది, ఇనపడలా?"

కదిరప్ప విన్నాడు. కుదుపుకు లేచిన సుంకులమ్మ కడుపు పట్టుకొని పిలుస్తున్నది. కన్నకూతురు బండిలో ఉన్న సంగతే మరిచిపోయానని అప్పుడు తెలిసింది. తాగిన నాలుగు ముంతలూ ఒక్కసారిగా దిగిపోయాయి. మడమలు నేలకు తన్నిపట్టి, మెడ నరాలు తెగేటట్లు బండిని వెనక్కు నెట్టాడు.

"సుంకులు ఉండాది తల్లీ! నా బిడ్డ ఉండాది! దాని కడుపులో ఇంకో బిడ్డ ఉండాది!"

"అయితే బండి తోలేది ఎవరు?"

"నేనే! నేనే తల్లీ! తప్పు నాదే!"

ఆ మాట అన్న మరుక్షణం పుల్లోడు కాడి కింద ఉన్నాడు. పగ్గాలు కదిరప్ప చేతిలో ఉన్నాయి. బండి చక్రం అంచుకు జానెడు దూరంలో ఆగి ఉన్నది. ముసలమ్మ నిలబడిన చోట ఎడమచేత పగ్గాలు పట్టి, కుడి అరచేయి ఎత్తిన రాయి ఒకటి వెలసి ఉన్నది. నేడు పూజలందుకొనుచున్న మూర్తి అదే.

తనకు ముసలమ్మ గానీ, పైన కూర్చున్న ఎద్దు గానీ కనిపించలేదనీ, కాడి కింద మెడ పెట్టి ఏడుస్తున్న తండ్రి మాత్రమే కనిపించాడనీ సుంకులమ్మ చెప్పింది. సందేహమున్నవారు ఆమె మాటనే నమ్మవచ్చు. దానివల్ల కథలో తేడా ఏమీ రాదు.

కదిరప్ప బండి ఎక్కలేదు. పగ్గాలు పట్టుకొని, ఇంటిదాకా కూతురి పేరు పైకి చెప్పుకుంటూ నడిచాడు. మూడో రోజు మధ్యాహ్నపు కునుకులో అమ్మవారు కనబడి గుడి కట్టమని ఆనతిచ్చింది. నైవేద్యానికి కల్లు పోయమంటావా అని కదిరప్ప అలవాటు కొద్దీ అడిగాడు. "పగ్గాలు చేత పట్టుకోని కల్లెట్ల తాగుదునురా? మజ్జిగ పొయ్యి," అని కసిరింది. అందుచేత ఈ అమ్మవారికి నేటికీ మజ్జిగే నైవేద్యం. ఆ నెల దాటగానే సుంకులమ్మకు కొడుకు పుట్టాడు. ఇప్పటి పూజారులంతా ఆ బిడ్డ వంశం వారే.

నేడు లారీ, బస్సు, ఆటో, కారు ఏదైనా ఇక్కడ ఆగుతుంది. డ్రైవరు కాడి కింద మెడ పెట్టి, "తోలేది నేనే" అని, బండిలో ఉన్నవారందరి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పవలెను. బస్సులో యాభైమంది ఉంటే యాభై పేర్లూ చెప్పవలసిందే. నాలుక తడబడినవారు, నిద్రమత్తులో ఉన్నవారు తాళంచెవి అమ్మవారి పళ్లెంలో పెట్టి, మజ్జిగ తాగి, వసారాలో పడుకొనవలెను. "కొంచెమే తాగినాను స్వామీ" అన్నవారికి పూజారి ఇంకొక చాప పరుస్తారు.

ఒంటరిగా వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన, "నా బండ్లో ఉల్లిగడ్డలు తప్ప ఎవరూ లేరు స్వామీ, ఎవరి పేరు చెప్పేది?" అని అడిగాడట. అప్పటి పూజారి అతని భుజం పట్టుకొని మలుపు వైపు తిప్పాడు. కింద నుండి ఎవరిదో బండి ఎక్కి వస్తున్నది. "వాళ్ల పేర్లు నీకు తెలియవు. అమ్మకు తెలుసు," అన్నాడు. ఆనాటి నుండి ప్రతి డ్రైవరూ చివరి నమస్కారం ఎదురుగా వచ్చే బండికే పెట్టుచున్నాడు.

ఈ తల్లిని సేవించినవారికి కలుగు ఫలమేమని కొందరు అడుగుచుందురు. ధనమని గానీ, పదవి అని గానీ ఎక్కడా వ్రాయబడలేదు. ఇంటికి చేరుదురు. ఎదురు వచ్చినవారునూ వారి ఇండ్లకు చేరుదురు.